సున్నా మీద గీత

పినపాకలో సముద్రాన్ని పెంచుతానంటే ఎవరైనా నవ్వుతారు. అంజుమ్‌ను చూసీ నవ్వారు. గోల్డ్‌ఫిష్‌లు అమ్ముకునే మనిషికి ఉప్పునీటి చేపలెందుకని వీధంతా సలహాలిచ్చింది. ఆమె వినే రకమా? విజయవాడ నుంచి బస్సులో, ఒళ్లో డబ్బా పెట్టుకుని, నారింజ రంగు చేపల జంటను తెచ్చుకుంది. రెండేళ్ల తర్వాత, మొన్న సోమవారం, ఆ జంట తొట్టిలోని కుండపెంకు మీద గుడ్లు పెట్టింది.

మగచేప ఎనిమిది రోజులు రెక్కలతో విసిరితే అవి పిల్లలవుతాయి. అడవి అంచున సముద్రపు పిల్లలు పుట్టాలి. అంతకు మించి అంజుమ్ అల్లాను ఏమీ అడగలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు చాదస్తం పట్టుకుంది. నీటిలో ఉప్పెంతో చూపే రిఫ్రాక్టోమీటర్‌ను రోజూ పొద్దున్నే సరిచేసేది. దాని గాజు మీద డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి వెలుతురుకు ఎత్తి చూడాలి. ఆ నీటిలో ఉప్పుండదు కాబట్టి గీత సున్నా మీద నిలవాలి. నిలవకపోతే మీటరుకున్న చిన్న మర తిప్పి నిలపాలి. ఆ తర్వాతే తొట్టి నీరు కొలవాలి.

మంగళవారం ఆమె డ్రాపర్ పగిలింది. పక్కనే బ్యాటరీల షాపు నడిపే తండ్రి అహ్మద్ పాషా తన గాజు డ్రాపర్ తెచ్చిచ్చాడు.

"తీస్కో బేటీ. ముప్పై ఏండ్లైంది, నల్లా నీళ్లు దీన్ని తాకనియ్యలె. తాకితే బ్యాటరీ ఖరాబైతది. పొద్దుగూకినంక మల్ల నాకియ్యి, పనుంటది."

అంత నిష్ఠగా దాచిన వస్తువు తనకిచ్చాడని అంజుమ్ మురిసిపోయింది.

ఆ పొద్దునే గీత సున్నాకు పైన నిలిచింది. మర తిప్పి కిందికి దించింది. తొట్టి నీరు చూస్తే ఉప్పు తక్కువని తేలింది. కలిపింది. మర్నాడూ తక్కువే. మళ్లీ కలిపింది. గురువారానికి మగచేప విసరడం మందగించింది. అయినా కొలత అబద్ధం చెప్పదు కదా అనుకుంది అంజుమ్. నమ్మినవాళ్లే నట్టేట ముంచుతారు, కొలతలూ అంతే.

ఆదివారం మీటర్ ఎత్తబోతే గాజు మీది చుక్క జారి పెదవికి తగిలింది. డిస్టిల్డ్ వాటర్‌కు రుచి ఉండదు. ఇది పుల్లగా ఉంది.

యాసిడ్. సాయంత్రం బ్యాటరీల్లో ముంచే డ్రాపర్, నీళ్లతో ఎన్నడూ కడగని డ్రాపర్. లోపల అంటుకున్న యాసిడ్ గీతను పైకెక్కిస్తే, తానే దాన్ని లాక్కొచ్చి సున్నా మీద కూర్చోబెట్టింది. అందుకే తొట్టిలో ఉన్న ఉప్పు తక్కువగా కనిపించింది. మెడికల్ షాపు నుంచి కొత్త సిరంజి తెచ్చి, సీలు తీయని సీసాలోని నీటితో మళ్లీ సరిచేసి తొట్టి నీరు చూసింది. లీటరుకు ముప్పై ఐదు గ్రాములుండాల్సిన ఉప్పు నలభై నాలుగుంది.

పెంకు మీద గుడ్లు తెల్లగా పాలిపోయాయి. మగచేప చచ్చిన గుడ్లను ఒక్కొక్కటే పెకలించి మింగుతోంది.

పాషా టీ గ్లాసుతో వచ్చి తొట్టి ముందు వంగాడు. ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"చూడు బేటీ, ఎట్ల ముద్దు పెట్టుకుంటున్నదో. పిల్లలంటే ఎంత పానమో దానికి. ఇంకెన్ని దినాలు?"

ఆయన నిష్ఠే వాటిని చంపిందని తెలిసిన అంజుమ్ కొత్త సిరంజిని గుప్పిట్లో దాచింది.

"రెండు దినాలు, అబ్బాజాన్" అంది. చేప ఇంకో గుడ్డును నోట పట్టింది.