మార్తా లేచి నిలబడిన రోజు

2019 వేసవిలో సియాటిల్ పక్కన బాతెల్‌లో ఒక రిహాబ్ సెంటర్‌లో ఫిజికల్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక ఇంటికి వెళ్ళేముందు నడక మళ్ళీ అలవాటు చేసుకోవలసినవాళ్ళు అక్కడికి వస్తారు. తుంటి ఎముక విరిగి వచ్చిన మార్తాకి ఎనభై ఎనిమిదేళ్ళు.

ఇంటిపేరు వినగానే మా స్టాఫ్ అంతా "ఆ బ్రదర్స్ చెల్లెలా?" అన్నారు. నీళ్ళ మీద దిగే చిన్న విమానాలను తయారుచేసి ఈ చుట్టుపక్కల పేరు తెచ్చుకున్న అన్నదమ్ములు వాళ్ళు. వాళ్ళ పేరుతో వీధి ఉంది, బడి ఉంది. చెల్లెలి పేరు మాత్రం ఎవరూ విన్నట్టు లేదు.

మా పనిలో 'ఫంక్షనల్ గోల్' అని ఒకటుంటుంది. అంటే పేషెంట్ మళ్ళీ చేయగలగాలని కోరుకునే పని. బాత్రూమ్‌కి సాయం లేకుండా వెళ్ళాలంటారు చాలామంది. మార్తా, "నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి," అన్నారు. వచ్చే నెల అన్నల పేరిట మ్యూజియం తెరుస్తున్నారట.

వాకర్ పట్టుకుని నిలబడటం ప్రాక్టీస్ చేస్తూ, అలసి కూర్చున్నప్పుడల్లా కొంత చెప్పేవారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచర్. ట్రయల్‌లో విమానం కూలి పెద్దన్న వాల్టర్ కాళ్ళు విరిగితే, ఉద్యోగం మానేసి ఏడాదిపాటు అతనికి సేవ చేశారు. విమానాలు కొనడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడారు. విమానం నడపడం అన్నల దగ్గరే నేర్చుకున్నారు, తర్వాతి ట్రయల్‌లో నడిపిందీ ఆవిడే. నలభై అయిదో ఏట తోటి టీచర్‌ని పెళ్ళి చేసుకుంటే, తమని వదిలి వెళ్ళిపోయిందని వాల్టర్ ఇక ఆవిడతో మాటలు మానేశాడు.

"చివరి రోజుల్లో చూడ్డానికి వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు," అన్నారు.

"మీకు కోపం రాలేదా?"

"విన్నందుకే నీకు వస్తోందే. నాకు రాకుండా ఉంటుందా?"

ఒకరోజు చిన్నన్న కొడుకు వచ్చాడు. మ్యూజియం వ్యవహారాలు చూసేది అతనే.

"అత్తయ్యని అంత కష్టపెట్టకండి. వీల్‌చెయిర్‌లో ముందు వరుసలో కూర్చుని చెయ్యి ఊపితే చాలు."

"ఆవిడ మాట్లాడాలనుకుంటున్నారు," అన్నాను.

"ప్రోగ్రాంలో అది లేదు," అన్నాడు నవ్వు చెదరకుండా.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "వాళ్ళ ఫ్యామిలీ మ్యాటర్ నీకెందుకు? జాబ్ మీదికి తెచ్చుకోకు," అన్నారు.

"అది నా పేషెంట్ గోల్. క్యాన్సిల్ చేయడానికి అతనెవరు?" అన్నాను.

మార్తా పిలిస్తే ప్రారంభోత్సవానికి గెస్ట్‌గా వెళ్ళాను. గోడల నిండా అన్నల ఫొటోలు. ఆవిడ ఉన్నది ఒక్కదాంట్లోనే. దాని కింద 'కుటుంబ సభ్యురాలితో' అని ఉంది. మేనల్లుడు మైక్ అందుకుని, తన తండ్రీ పెదనాన్నా ఎవరి సాయమూ లేకుండా ఇంత సాధించారన్నాడు. వాళ్ళ గౌరవార్థం అందరినీ లేచి నిలబడమన్నాడు. హాలంతా లేచింది. మార్తా లేవలేదు.

నొప్పేమోనని వంగి అడిగాను.

"నొప్పేం లేదు. వాళ్ళని కూర్చోనీ," అన్నారు.

అందరూ కూర్చున్నాక వాకర్ పట్టుకుని లేచారు. పడకుండా వెనక చెయ్యి ఉంచాను. మైక్ ఎవరూ ఇవ్వలేదు.

"నా పేరు మార్తా. వాల్టర్ మంచాన పడ్డప్పుడు విమానాన్ని సరస్సు మీద దింపింది నేను. ఆ ఫొటో కింద నా పేరు రాయండి."

కాళ్ళు వణకలేదు.

పేరు రాశారు. ఆవిడ రిహాబ్ నుంచి ఇంటికి వెళ్ళిపోయాక నేను మ్యూజియానికి వెళ్ళి చూశాను. 'మార్తా, అన్నలను కంటికి రెప్పలా చూసుకున్న చెల్లెలు.' విమానం ఊసే లేదు. ఒళ్ళు మండి అక్కడినుంచే ఫోన్ చేశాను.

"అయితే మళ్ళీ అడగాలి," అన్నారు మార్తా. "పార్కింగ్ నుంచి లోపలికి చాలా దూరం నడవాలా?"

ఆ కేసు నాకు ఒకటి నేర్పింది. పెద్ద వయసు ఆడవాళ్ళు ఎవరొచ్చినా ముందు, "మీరేం పని చేసేవారు?" అని అడుగుతాను. పక్కనున్న కొడుకో మేనల్లుడో జవాబు చెప్పబోతే, "ఆవిడని చెప్పనివ్వండి," అంటాను.