హీటరు పైపు

సత్యకుమారి తన కారులో హీటరు ఉందన్న సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. రాజమండ్రిలో కారు నడిపేవాళ్లకు హీటరు దేనికి? ఏప్రిల్ వచ్చిందంటే స్టీరింగు పట్టుకుంటేనే చేతులు కాలతాయి.

ఆ కారు మొదట ఆమె భర్త పల్లంరాజు నడిపేవాడు. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయాక, చుట్టాలంతా బుగ్గలు నొక్కుకుంటున్నా ఆమె డ్రైవింగు నేర్చుకుంది. ఇప్పుడు ముగ్గురు టీచర్లను రోజూ కోరుకొండ దగ్గరి బడికి తీసుకెళ్లి, తీసుకొస్తుంది. ఇల్లు గడిచేది దానితోనే. పల్లంరాజు మాత్రం ఆ తర్వాత కారెక్కలేదు. పెళ్లాం నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోవడం అతనికి నామోషీ. మగవాళ్ల రోషం ఎప్పుడూ ఇలా పనికిరాని చోటే పొడుచుకొస్తుంది.

ఈమధ్య ఇంజను వేడెక్కిపోతోంది. రేడియేటరు నిండా నీళ్లు పోసి బయల్దేరితే, కోరుకొండ చేరేసరికి సగం మాయం. కింద చూస్తే చుక్క ఉండదు. మెకానిక్ ఎజ్రా రేడియేటరు విప్పి చూశాడు, వాటర్ పంపు మార్చాడు, ముందున్న పైపులన్నీ తడిమాడు. అయినా శుక్రవారం కారు మళ్లీ దారిలో ఆగింది.

"ఏమీ అనుకోకండి సత్యకుమారి గారూ. సోమవారం కూడా ఆగిందంటే మేం వేరే బండి చూసుకుంటామండి," అంది టీచరు దుర్గాశ్రీ. ఆమె తప్పేమీ లేదు. కానీ సత్యకుమారికి ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఎజ్రా వచ్చాడు. బానెట్ ఎత్తి, ఈసారి లైటు వేసి వెనకదాకా వంగి చూశాడు. ఇంజను వెనక, క్యాబిను గోడలోకి వెళ్లే సన్నటి పైపు కింద పసుపుపచ్చని చార కనిపించింది.

"ఇదేంటక్కా, ఇంజనుకి పసుపు రాశారా?"

సత్యకుమారి వసారాలో కూర్చున్న భర్త వైపు తిరిగింది. మొన్ననే కూరలోకి పసుపు చాలక పక్కింట్లో అడిగి తెచ్చుకుంది.

"రేడియేటర్లో పసుపేస్తే కారేది పూడుకుపోద్ది. లారీ తోలే రోజుల్లో మేమంతా అదే చేసేవాళ్లం," అన్నాడు పల్లంరాజు, నేలచూపులు చూస్తూ.

"పూడలేదు గానీ, చోటు చూపించిందండి. ఇది హీటరు పైపు. వేడెక్కితేనే చీలిక విచ్చుకుంటోంది. కారిన నీళ్లు ఇంజను మీదే ఆవిరైపోతున్నాయి. మనూళ్లో హీటరెవడేస్తాడులే అని నేనిటు చూళ్లేదు," అన్నాడు ఎజ్రా సిగ్గుపడుతూ.

పైపు మార్చి, పసుపంతా కడిగేసి, కూలెంటు పోశాడు. "పైపుల్లో గాలి చిక్కుకుందంటే మళ్లీ వేడెక్కుద్దండి. హీటరు ఫుల్లుగా పెట్టండి. వేడిగాలి ఆగకుండా వస్తే పైపుల్లో గాలి పోయినట్టే."

"నేను ఇంజను వేడి చూపించే ముల్లు చూసుకోవాలి. వేడిగాలి సంగతి మీరు చూడండి," అంది సత్యకుమారి భర్తతో. అతను కాసేపు తటపటాయించి, వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

నిలబెట్టిన చోటే ఇంజను స్టార్టు చేసింది. మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్ ఎండ, దానికి తోడు హీటరు. ఇద్దరికీ చెమటలు ధారలు కట్టాయి. పల్లంరాజు ఎడంచెయ్యి గాలి వచ్చే చోట పెట్టి కూర్చున్నాడు. వేడిగాలి వచ్చింది, చల్లబడింది, మళ్లీ వచ్చింది.

"ఆగట్లేదే, వస్తానే ఉంది," అన్నాడు చివరికి. ముల్లు మధ్యలోనే నిలబడింది. సత్యకుమారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"దూరం తిప్పి చూస్తేగానీ నమ్మకం ఉండదండి," అన్నాడు ఎజ్రా బానెట్ మూస్తూ.

"మరి మీరు దిగుతారా?" అంది ఆమె.

పల్లంరాజు ఎడంచేత్తో బెల్టు లాక్కున్నాడు. బిగించడం చేతకాలేదు. ఆమె వంగి బిగించింది.

"కోరుకొండ దాకా పోనీ. ఆ హీటరొకటి కట్టెయ్," అన్నాడు.