సర్కారు మనిషి వచ్చే రోజు

సర్కారు మనిషి వస్తుందని వెర్డెల్ పొద్దున్నే ఇల్లంతా కడిగింది. తల్లి క్లియోరా తడిపిన దుప్పట్లను కారు డిక్కీలో కుక్కింది. డైపర్ల కట్టలను అటకెక్కించింది. తల్లి వెలిగించేస్తుందని ఊడదీసి దాచిన పొయ్యి మీటలను మళ్లీ బిగించింది. అరవై రెండేళ్లొచ్చాయి వెర్డెల్‌కి. తల్లికి మతి పోయినప్పటినుంచి, మూడేళ్లుగా, కంటినిండా నిద్ర ఎరగదు.

సాయం కావాలని ఫోన్ చేసింది తనే. తను వంట చేసే బడిలోని తెల్లావిడ వాళ్లమ్మను చూసుకోవడానికి వారానికి మూడు రోజులు సర్కారు పంపిన మనిషి వస్తుంది. "అడిగితే ఇస్తారు వెర్డెల్, నోరు తెరిచి అడగవేం?" అందావిడ. అడిగితే ఇచ్చే ఇంట్లో పుట్టింది, ఆవిడకేం!

వెర్డెల్ చిన్నప్పుడు అలబామాలోని ఈ నల్లవాళ్ల పేటకి, ఈ ఇంటికే, సర్కారు మనిషి చెప్పకుండా వచ్చేది. ఇంట్లో మగవాడి జాడ కనిపిస్తే పిల్లల తిండికిచ్చే సాయం ఆగిపోయేది. వాకిట్లో కారు ఆగితే చాలు, పని దొరకని తండ్రి ఎజ్రా వెనక తలుపులోంచి పత్తిచేలోకి పరిగెత్తేవాడు. నాన్న బూట్లు, గడ్డం కత్తి దాచడం ఆరేళ్ల వెర్డెల్ వంతు. ఒకరోజు అలా వెళ్లినవాడు మళ్లీ రాలేదు. తను లేకపోతేనే పిల్లలు తింటారనుకున్నాడో ఏమో.

ఇవాళ వచ్చిన తెల్లపిల్ల నిజంగా మంచిదే.

"మీ అమ్మగారు రాత్రిళ్లు లేచి తిరుగుతారా?"

"లేదు మేడమ్. పసిపాపలా పడుకుంటుంది."

"స్నానం అదీ కష్టం కావట్లేదూ?"

"నేనున్నాగా మేడమ్."

చెప్పవే, చెప్పి చావు అని లోపల ఒకటే గోల. నోరు మాత్రం ఆరేళ్లప్పుడు నేర్చిన పాఠమే అప్పజెబుతోంది. తల్లి కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని, "మాకేం లోటు లేదు మేడమ్" అంది. ఎన్నాళ్లకో ఒక మాట తిన్నగా వచ్చింది ఆవిడ నోట!

"ఇంత చక్కగా నడుస్తున్న ఇల్లు నేను చూడలేదు" అని ఆ పిల్ల మెచ్చుకుంది. సాయం అక్కర్లేదని రాసి కాగితం చాపింది. వెర్డెల్ సంతకం పెట్టింది.

కారు కదిలింది.

"పోయిందా?" అంది తల్లి గుసగుసగా.

"పోయిందే అమ్మా."

"మరి నిలబడిపోయావేమే? నాన్నని పిలువు. చేలో మాడిపోతుంటాడు."

వెర్డెల్‌కి ఏడుపు ఆగలేదు. వెనక తలుపు తీసింది. ఇప్పుడక్కడ చేను లేదు, కంచె, పిచ్చిమొక్కలూ ఉన్నాయి.

"నాన్నా, ఆవిడ వెళ్లిపోయింది, రా!" అని గొంతెత్తి పిలిచింది.

ఆ రోజునుంచి క్లియోరా ఆ తలుపు గడియ పెట్టనివ్వడం లేదు. తల్లి అటు నడిచి వెళ్లిపోకుండా, రాత్రంతా ఆ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని వెర్డెల్ ఒక్కతే కూర్చుంటుంది.