పెట్టెలో లేని పాట

మాష్టారు పోయారన్న కబురు నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. ఉదయం షిఫ్టుకి సైకిలు దిగుతూంటే గేటు మనిషి, "తుమ్హారే గానేవాలే మాస్టర్ నహీ రహే, భాయీ" అన్నాడు. నేను నవ్వేశాను. ఊళ్ళో అందరినీ ఆటపట్టించేవాణ్ణి కదా, ఈసారి నా వంతు వచ్చిందనుకున్నాను. అతను నవ్వలేదు. సైకిలుకి స్టాండు వెయ్యడం కూడా చేతకాలేదు నాకప్పుడు. ముందురోజు సాయంత్రం ఆయన మంచం పక్కన కూచున్నవాణ్ణి. ఆయన అడిగిన ఒక్క పాట ఇవ్వలేక లేచి వచ్చినవాణ్ణి.

ఈ హిందీ ఊళ్ళో మా గోల్‌మురి పేట తెలుగువాళ్ళకి ఆయన గురించి చెప్పక్కర్లేదు. తెలియనివారి కోసం రెండు ముక్కలు. మాష్టారంటే బడి మాష్టారు కాదు. విజయనగరం దగ్గర్నించి వచ్చి, మా రేకుల ఫ్యాక్టరీలో ఏరే సెక్షన్లో రిటైరయ్యేదాకా పనిచేశారు. తగరం పూత పడిన రేకుని ఎత్తి, వంచి, వేలితో కొట్టి, మోగుడు వినాలి. మంచిది ఒకవైపు, రెండోరకం ఒకవైపు, పనికిరానిది 'వేస్టరు' అని ఇంకోవైపు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పిల్లలకి సంగీతం చెప్పేవారు. వేలి అలవాటు మాత్రం పోలేదు. గ్లాసు ఇస్తే కొట్టి చూసేవారు. పళ్ళెం పెడితే కొట్టి చూసేవారు. నా బుర్ర మీదా కొట్టి, "మోగట్లేదురా. వేస్టరు" అనేవారు.

కావేరి ఒడ్డున కూచుని తెలుగులో వందల కృతులు కట్టిన ఆ మహానుభావుడంటే మాష్టారికి ప్రాణం. పేరు పెట్టి ఎప్పుడూ అనలేదు. 'అయ్యవారు' అనేవారు, పక్క క్వార్టర్లో ఉంటున్నట్టు. ఏటా పుష్యమాసంలో, చలికి పళ్ళు టకటకలాడే రోజుల్లో, పక్క పేట భాలుబాసాలో ఒకరి డాబా మీద పందిరి వేసి ఆరాధన చేసేవాళ్ళం. మొదటి ఏడు పెద్దలు ఆయన దగ్గరికి వెళ్ళి, "మాష్టారూ, అయ్యవారి పాటల్లో మీకు బాగా ఇష్టమైనవి ఓ ఎనిమిది ఎంచండి" అన్నారు.

"నేను ఎంచను" అన్నారు.

"అదేటండీ?"

"పొద్దస్తమానం ఎంచడమే కదా నా పని. ఇది ఫస్టు, ఇది సెకండు, ఇది వేస్టరు అని. అయ్యవారి పాటల్ని కూడా రేకుల్లాగ ఏరమంటే ఎలాగ బాబూ? ఏది తీసి పక్కన ఎట్టమంటారు?"

అందుకని ఒక పద్ధతి పెట్టారు. తనకి నోటికి వచ్చిన కృతులన్నిటి మొదటి మాటలూ విడివిడి చీటీల మీద రాసి, ఒక రేకు డబ్బాలో వేశారు. ఆరాధన రోజు అందరి ముందూ కళ్ళు మూసుకుని ఎనిమిది తీసేవారు. వచ్చినవే ఆ ఏటికి ఇష్టమైనవి. ఆ చీటీలు తప్ప ఆయన ఇంట్లో పాటల పుస్తకమంటూ లేదు. "పుస్తకం చూసి పాడేవోడు పాటగాడు కాదురా, పోస్టుమేను" అనేవారు.

నా అల్లరి ఆయన్నీ వదల్లేదు. ఓసారి ఆయన సైకిలు గంట విప్పి, పాత బొంగురు గంట బిగించాను. ఇంటిదాకా రాకుండానే, సందు మొగలోనే అరిచారు: "ఎవడ్రా నా గంటకి జలుబు ఎక్కించింది!" వీధంతా నవ్వింది, ఆయనతో సహా. దాంతో నాకు ధైర్యం ఎక్కువైంది.

ఆ ఎనిమిదింటిలో ఒక చీటీ మాత్రం వరసగా మూడేళ్ళూ వచ్చింది. బారెడు పాట, ఏడుపు రాగం. పిల్లలకి పట్టుబడేది కాదు, మాష్టారే పాడేవారు. ఒక్క మాట పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, ముప్పావుగంట. మూడో ఏడు పాట అయ్యాక ఆయన ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు. నేను చూసింది పాటలయ్యాక పెట్టే పులిహోర గుండిగని. అది చలికి చల్లారిపోతోందనే నా గోల. ఆ మర్నాడు డబ్బా మూత వదులైందని నా చేతికే ఇచ్చారు, అతుకులు పెట్టడం నా పని కనక. మూడేళ్ళు చేతులు మారి నలిగిన చీటీ పైనే ఉంది. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. చదవలేదు. నేను చదివింది హిందీ బడి, అదీ ఐదో క్లాసు. తెలుగు అక్షరం అప్పటికి నాకు రాదు. ఒక్క ఏడు పులిహోర వేడిగా తిని, వెనక్కి పెట్టేద్దామనుకున్నాను. చొక్కా ఉతుక్కి వెళ్ళింది. మా ఆవిడ జేబులోంచి తెల్లటి ముద్ద తీసి, "ఇదేటండీ, జేబులో అన్నం ఎట్టుకు తిరుగుతన్నారా?" అంది.

తర్వాత తొమ్మిదేళ్ళూ మాష్టారు ఎనిమిదో చీటీ విప్పి, "ఈ ఏడూ రాలేదురా" అనేవారు. ఏది మాష్టారూ అని ఎవరైనా అడిగితే, "సెప్తే ఎంచినట్టే కదా" అని నవ్వేవారు. ఇంట్లో పాడుకోవచ్చు కదా అంటే, "అదే రావాలిరా. మెడ పట్టుకుని లాక్కొస్తావా?" అనేవారు. ఏటేటా చెప్పేద్దామనే అనుకున్నాను. ఊరందరి మీదా లేచే నోరు అక్కడికొచ్చేసరికి కుట్టేసినట్టయ్యేది.

ఆ మధ్యలోనే, ముప్ఫయ్యేడేళ్ళ గాడిదని, నాకు తెలుగు నేర్పారు. పలక లేదు, బాలశిక్ష లేదు. డబ్బా ముందు పెట్టి, "ఒకటి తియ్యి. సదువు" అనేవారు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలూ ఆ చీటీల పుణ్యమే. నేను దొంగతనం చేసిన డబ్బాలోంచే నాకు అక్షరం పెట్టారు.

ఈ ఏడు మాష్టారికి పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా పడిపోయాయి. ఆసుపత్రికి వెళ్తే వాళ్ళ అమ్మాయి ఎదురొచ్చింది. "మామయ్యా, నాన్న రెండ్రోజుల్నించి ఏటో అడుగుతన్నాడు. సేత్తో ఇలాగ మూత తీసినట్టు సూపిత్తన్నాడు. హమే తో కుఛ్ సమఝ్ నహీ ఆతా."

నాకు సమఝ్ అయింది. వాళ్ళింటికెళ్ళి డబ్బా తెచ్చాను. ఒక్కొక్క చీటీ విప్పి, ఆయన చెవి దగ్గర చదివాను. కాదని తల అటూ ఇటూ కదిపేవారు. ఇంకోటి. కాదు. చివరికి డబ్బా అడుగు కనబడింది. ఆయన ఆ అడుగు వైపు చూసి, నా వైపు చూశారు.

"అది ఇందులో లేదు మాష్టారూ. నేనే తీసేశాను. పులిహోర కోసం."

గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో, దగ్గో, ఏడుపో, ఇరవయ్యేళ్ళ పరిచయం ఉండి పోల్చుకోలేకపోయాను. నాకు పాట రాదు. ఆ పాట మొదటి మాట తెలీదు. అయినా బుద్ధిలేక, గుర్తున్న మేరకు కూనిరాగం తీశాను. అది ఆ పాట కాదని నాకే తెలుస్తోంది. ఆయన ఎడంచెయ్యి లేచింది. బుర్ర మీద కొడతారు కాబోలని తల దగ్గరగా వంచాను. కొట్టే బలం లేదు. వేలు నా నుదుటి మీద ఆనింది. అదిరింది, ఆగింది, మళ్ళీ అదిరింది. వేస్టరంటున్నారో, ఆ పాటకి తాళం వేస్తున్నారో. నర్సు వచ్చి, "టైమ్ హో గయా, భైయా" అంది. లేచాను.

ఆయన పోయిన పదో రోజున, కర్మకి వచ్చినవాళ్ళందరినీ ఆ పాటేమిటని అడిగాను. అప్పట్లో విన్న పెద్దల్లో సగంమంది రిటైరై ఊళ్ళకి పోయారు. ఆరాధనలో వాయించే ఫిడేలాయన, "ముఖారి అయ్యుంటుంది" అన్నాడు. మృదంగం ఆయన, "తోడి కదా, నేను వాయించాను" అన్నాడు. ఏ పాటో ఇద్దరికీ తెలీదు, దెబ్బలాట మాత్రం అక్కడే వేసుకున్నారు. వాళ్ళ అమ్మాయి, "ఛోడో మామయ్యా, ఇంక వదిలెయ్యండి" అని డబ్బా నా చేతుల్లో పెట్టింది.

పుష్యమాసం దగ్గరికొస్తోంది. చీటీలు ఎవరు తీస్తారంటే అందరూ నా వైపే చూస్తున్నారు. నిన్న ఒక చీటీ కొత్తగా కత్తిరించాను. కలం పట్టుకుని చాలాసేపు కూచున్నాను. అక్షరాలన్నీ వచ్చు నాకిప్పుడు. ఏం రాయాలో తెలీదు. ఆ ఖాళీ కాగితాన్నే, ఆయన మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో వేశాను. మూత బిగించి, వేలితో ఒకసారి కొట్టి, చెవి ఆనించి విన్నాను.