చిన్నాయన నుదుటి బొట్టు

పెనుకొండలో చిన్నాయన పోయాడని ధర్మవరంలో ఉన్న నాకు పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఏడవడానికి ముందే నేను అడగాల్సి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "పాస్టరును పిలుద్దామా?" అన్నాను. అవతల ఆయన కూతురు గొంతు తగ్గించింది. "వద్దక్కా. నా ఉద్యోగం ఇంకా విచారణలో ఉండాది" అంది.

చిన్నాయన ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. కాగితాల్లో హిందువు, మనసులో క్రైస్తవుడు. మా కులంవాళ్లు యేసును నమ్ముకున్నట్టు తేలితే ఎస్సీ హోదా పోతుంది. రాజ్యాంగం కింద వచ్చిన ఉత్తర్వు అలా ఉంది. దాంతో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. దేవుడు మారాడని ఊళ్లో మాకు వేరే గ్లాసు పెట్టడం మానారా? మానలేదు. హోటలువాడికి కనబడిన కులం సర్కారుకు ఎందుకు కనబడదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

అందుకే ఆయన పెనుకొండలో చర్చి మెట్లెక్కలేదు. ఆదివారం బస్సెక్కి హిందూపురం పోయేవాడు. సంచి అడుగున తువ్వాలు చుట్టిన బైబిలు, వచ్చేటప్పుడు దానిమీద వంకాయలు. "ఏమప్పా, ఈ వారమూ వంకాయలేనా? దేవుడు ఇంకో కూర పుట్టిచ్చల్యాదా?" అని చిన్నమ్మ ఆటపట్టించేది.

దసరాకు ఆఫీసు జీపుకు పూజ చేసేవారు. గుమ్మడికాయ కొట్టేది చిన్నాయనే. సర్కారు జీపుకు మతం ఉండొచ్చు, దాన్ని కడిగే మనిషికి ఉండకూడదు! నేను గొంతు చించుకుంటే ఆయనే నన్ను ఊరడించేవాడు.

"రాజ్యాంగం మనకు రిజర్వేషన్ ఇచ్చినాది, నచ్చిన దేవున్ని మొక్కే హక్కూ ఇచ్చినాది. రెండూ ఒకేసారి వాడుకునేదానికే ల్యాదు, అంతే పాపా."

నాయన లేని నన్ను చదివించింది ఆ జీతమే. ఆ రుణం తీరేది కాదు. అయినా ఆయన ఓర్పు మీద కూడా నాకు కోపమే.

ఆయన కోరింది ఒక్కటే. "బతికినన్నాళ్లూ దాచుకుంటి. పోయినాకన్నా ప్రార్థన చేసి పూడ్సండి."

అదీ జరగలేదు. కూతురికి ఎస్సీ కోటాలో టీచరు ఉద్యోగం రాగానే వీళ్లు క్రైస్తవులని ఎవరో అర్జీ పెట్టారు. పూడ్చేచోట గుంపులో ఎవరున్నారో, వెళ్లి ఏం చెప్తారో తెలియదు. కర్పూరం వెలిగించారు, టెంకాయ కొట్టారు, నుదుట పెద్ద బొట్టు పెట్టారు. సంగతి తెలిసి హిందూపురం నుంచి వచ్చిన పాస్టరు రోడ్డు మీదే నిలబడిపోయాడు.

గుంటలోకి దించే ముందు కూతురు వంగి, కొంగుతో ఆ బొట్టు తుడిచింది. తుడిచి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.