తొమ్మిదొచ్చే నంబరు

మా అక్క మొగుడికి ఫోన్ నంబరంటే జాతకం. పది అంకెలనూ కూడి, వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ కూడితే చివరికి తొమ్మిదే మిగలాలి. నేను కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని, పైగా మరదల్ని, ఊరుకుంటానా?

"బావా, అది వందల కోట్లలో ఉండే సంఖ్య. తొమ్మిదితో భాగిస్తే శేషం రాదు, అంతే దాని గొప్ప. నాది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగించలేం" అన్నాను.

"నీలాగే. ఎవులికీ లొంగదు" అన్నాడు.

నిరుడు ట్రాక్టర్ అమ్మేసి, వరికోత మిషన్ కొన్నాడు. ఆమదాలవలస రోడ్డు మీద తన నంబరుతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. కోతలు మొదలయ్యాయి. చుట్టూ చేలన్నీ పండి ఉన్నా మిషన్ మాత్రం పెరట్లోంచి కదల్లేదు. పిలిచే రైతే లేడు. బావ వేళాకోళాలు మానేశాడు, అక్క సరిగా తినడం మానేసింది. ఈ కోతలు పోతే మిషన్ అమ్ముకోవడమే. నాకూ భయం పట్టుకుంది.

ఆదివారం బస్సు దిగి, నన్ను తీసుకెళ్లడానికొచ్చిన బావ పక్కనే నిలబడి, ఫ్లెక్సీ మీదున్న నంబరు చూసి కొట్టాను. అటు మోగింది గానీ, బావ జేబులో ఫోన్ మోగలేదు.

"మిషన్ కోసరమేనా అమ్మా? మిషన్ నేదు. నేను శ్రీకూర్మం కాడ సేపలమ్ముకుంటాను. ఎవులు సేసినా నేదనే సెప్తన్నాను" అంది ఒకావిడ.

ఆ ఫ్లెక్సీ వాడు చివరి రెండంకెలనూ తారుమారు చేశాడు. రైతులందరికీ మిషన్ లేదన్న కబురు మాత్రం చక్కగా అందింది.

"కట్టినప్పుడు సూసుకోలేదేటి బావా?" అన్నాను, అతని యాసలోనే.

"సూసినానే. కూడితే తొమ్మిదే వచ్చినాది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అంకెలు ఎటు మార్చినా కూడితే అంతే వస్తుంది బావా. ఆ రెండు నంబర్లలో ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినా, మిగిలేది తొమ్మిదో ఎక్కంలోనిదే."

"అయితే తప్పులో కూడా తొమ్మిదేనన్నమాట" అన్నాడు. చాలా రోజులకి ఆ మొహంలో కాస్త వెలుగు కనిపించింది. తిడదామనుకున్నదాన్ని మానేశాను.

చేపలావిడకి మళ్లీ ఫోన్ చేసి, ఆవిడ నంబరులో చివరి రెండంకెలు తిరగేస్తే మా బావదని చెప్పాను. "అంతేనా? ఇంకెవులైనా సేస్తే అదే సెప్తాను" అంది.

మర్నాడు పొద్దున్న టీ తాగుతుండగా బావ ఫోన్ మోగింది. తెలియని నంబరు. బావ ఎత్తకుండా తెరకేసి చూస్తున్నాడు. పెదాలు మెల్లిగా కదులుతున్నాయి. కూడుతున్నాడు.

అక్క ఆ ఫోన్ లాక్కుంది.

"మిషన్ ఉన్నాదని సేపలమ్మ సెప్పినాది. నిజమేనా?" అన్నాడు అవతలి రైతు.

"ఉన్నాది బాబూ. ఇప్పుడే వస్తాది" అంది అక్క. ఫోన్ బావ చేతికిచ్చి, తనకీ ఓ పళ్లెం పెట్టుకుంది.