చుట్టుదారి చూపించిన ప్లీడరు

నా నోటి దురద వల్ల ఒక పెద్దమనిషి కొబ్బరితోట పోయింది. నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులు. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ, మామయ్యగారి కొబ్బరి వ్యాపారంలో రెండేళ్ల అనుభవం, వాటిపైన లా పట్టా. అమలాపురం మొత్తంలో నాలాంటి ప్లీడరు ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. లేకపోవడమే జనానికి మంచిదని తర్వాత తెలిసింది.

అప్పీళ్లు చూసే మా సీనియరుగారు ఒక కేసు నా చేతిలో పెట్టారు. అయినవిల్లి దగ్గర సూరయ్యగారనే ముసలి రైతుది. ఆయన కాయలు కాలువ రేవుకి చేరి పడవెక్కాలంటే పక్కవాళ్ల తోటలోంచే పోవాలి. వాళ్లు కంచె వేశారు. వేరే దారి లేదు గనక కంచె తీసి దారి వదలాల్సిందేనని కింది కోర్టు సూరయ్యగారినే గెలిపించింది. పక్కవాళ్లు అప్పీలుకి వెళ్లారు.

"నువ్వేం చెయ్యక్కర్లేదురా," అన్నారు సీనియరుగారు. "లేచి, కింది కోర్టు తీర్పు సరైనదేనండి అను. కూర్చో."

కూర్చోడానికేనా నేను అంత చదువు చదివింది? తిన్నగా తోటకే వెళ్లాను.

"రేవుకి ఇంకో దారేమైనా ఉందా సూరయ్యగారూ?"

ఆయన తలగుడ్డ సర్దుకున్నారు. "చేలగట్లమ్మట చుట్టూ తిరిగొస్తే ఒకటుందండి. వానల్లో మోకాల్లోతు బురదండి. దాని ఊసు ఇప్పుడెందుకండి బాబూ?"

"నాకొదిలెయ్యండి. మీకు తెలీదు."

"ఆయ్," అని తలూపారు పాపం.

విచారణ రోజున ఎదుటి ప్లీడరు ఏదో గొణిగి కూలబడ్డాడు. జడ్జిగారు కాగితాలు మూసేయబోతున్నారు. అప్పుడు లేచానండీ నేను! నేనే గీసిన బల్లంత దారుల పటం ఒకటి విప్పి, పెళ్లిలో వియ్యంకుడిలా గొంతు సవరించుకున్నాను.

"చుట్టుదారిన వెళ్తే కావిడి మోసేవాళ్లకి నాలుగింతల శ్రమండి. పూటలో అయ్యే పని రెండు రోజులవుతుందండి. ఇలా అయితే కొబ్బరి వ్యాపారమే..."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "అయితే ఇంకో దారి ఉందన్నమాట."

"ఉందండి! కానీ బొత్తిగా గిట్టుబాటు కాదండి."

"నేనడిగింది ఉందా లేదా అని."

"...ఉందండి."

చట్టం చాలా చిన్నది. వేరే దారి బొత్తిగా లేనివాడికే పక్కవాడి నేల మీద నడిచే హక్కు. ఎంత అధ్వాన్నపు దారైనా ఒకటుంటే ఆ హక్కు లేదు. ఇది నాకు రాక కాదు, పటం మీద ప్రేమ కొద్దీ మరిచిపోయాను. కింది కోర్టు కాగితాల్లో ఎక్కడా లేని దారిని నేనే చేతులారా తెచ్చి జడ్జిగారి ముందు పరిచాను. ఎదుటి ప్లీడరు నన్ను కౌగిలించుకోలేదు, అదొక్కటే తక్కువ. వెనక బెంచీ మీద సూరయ్యగారు తల దించుకుని కూర్చున్నారు. గెలిచిన కేసు ఓడిపోయాం.

ఆ వానాకాలం గడవకముందే, బురదలో కాయలు మోయించలేక, ఆయన తోటని ఆ పక్కవాళ్లకే అమ్మేశారు. అమ్మిన వారంలో మా ఇంటికి వచ్చారు. భుజాన కొబ్బరికాయలు, మోకాళ్ల దాకా బురద.

"మా తోటలో ఆఖరి దింపు కాయలండి. ప్లీడరుగారికని తెచ్చేను."

"ఇంత బురదలో ఎందుకు శ్రమపడ్డారండీ?" అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

"మీరు కోర్టులో చూపించిన దారినే రేవుకి వచ్చేనండి. దూరమేనండి," అన్నారు, ఎత్తిపొడుపు ఇసుమంత లేకుండా. "కానీ మీరన్నది నిజమేనండి. దారుందండి."

కాయలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

సాక్షి ప్రమాణం చేసినట్టు ఆ కాయల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను, గెలిచిన కేసులో నోరు విప్పనని. ఈనాటికీ నాలుక దురద పెట్టినప్పుడల్లా ఆ బురద మోకాళ్లు గుర్తొస్తాయి. లేచి, తీర్పు సరైనదేనండి అని, కూర్చుంటాను.